కాళ్లు పోయాక మొదలైన పని

వేలూరు: తెల్లవారుజామున కాట్పాడి స్టేషన్‌లో రైలాగితే ప్లాట్‌ఫాం మీద ముందుగా చెవిన పడేది చాలాసార్లు మన భాషే. "ఫైలు నీ దగ్గరే ఉందా?", "నాన్నని మెల్లగా దింపరా", "ఆ సంచీలో స్కానింగ్ ఫిల్ములున్నాయి, మడత పడనీయొద్దు"... ఎక్కడికెళ్లాలని ఆటోవాళ్లు అడగనే అడగరు. మొహం చూసి, చేతిలో ఫైలు చూసి "సీఎంసీనా?" అంటారు.

మన పెద్దవాళ్ల నోట ఈ ఊరు ఇప్పటికీ రాయవేలూరే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఇదంతా ఉత్తర ఆర్కాటు జిల్లా. కాబట్టి సరిహద్దు గీత మ్యాపులో ఉందిగానీ జనం రాకపోకల్లో లేదు. గుడియాత్తంలో, కాట్పాడిలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలున్నాయి. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె వాళ్లకి పెద్ద జబ్బు చేస్తే రాయవేలూరుకి పోదామనుకోవడం తాతలనాటి అలవాటు.

ఆస్పత్రి చుట్టూ గాంధీ రోడ్డులో, దాని పక్క సందుల్లో ఎటు చూసినా లాడ్జీలే. వాటిలో స్టవ్ అద్దెకి దొరుకుతుంది, గిన్నెలు అద్దెకి దొరుకుతాయి. నెలల తరబడి ఉండిపోయేవాళ్లుంటారు. అలాంటి ఒక లాడ్జీ వరండాలో కొన్నాళ్ల కిందట విన్న మాటే ఈ కథనానికి కారణం.

గుడియాత్తం వైపు నుంచి వచ్చిన తెలుగావిడ. భర్త తాపీ మేస్త్రీ. రెండో అంతస్తు గోడ కడుతూ జారిపడ్డాడు. వెన్ను దెబ్బతిని నడుము కింద నుంచి స్పర్శ లేదు. వాళ్లది ప్రార్థనలకి వెళ్లే కుటుంబం. చూడ్డానికి ఊర్నుంచి వాళ్ల మేనత్త వచ్చింది. యాపిల్ పండ్లు ఇచ్చింది, కళ్లనీళ్లు పెట్టుకుంది, బాగానే మాట్లాడింది. వెళ్లేముందు మాత్రం గొంతు తగ్గించి, "ఎక్కడో విశ్వాసం తక్కువైందమ్మాయ్. లేకుంటే దేవుడు ఈపాటికి లేపుండేవాడే" అని వెళ్లిపోయింది.

ఈవిడ బదులు చెప్పలేదు. అత్త మెట్లు దిగాక నావైపు తిరిగి, "ఆయన లేస్తాడో లేదో నాకు తెలీదన్నా. పొద్దున మాత్రం మంచం మీద నుంచి కుర్చీలోకి ఆయంతట ఆయనే జరిగినాడు. పది నిమిషాలు పట్టింది. జరిగినాక ఇద్దరం నవ్వుకున్నాం. మూడు నెలల తర్వాత నవ్వినాం. దీనికి విశ్వాసం సరిపోదంటారా?" అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అయితే ఈ ఊరికి ఆ ప్రశ్న కొత్త కాదు.

1954 జనవరి

డాక్టర్ మేరీ వర్గీస్ పేరు వేలూరులో చాలామందికి తెలుసు, మన పక్కన తక్కువ. 1925లో కొచ్చి ప్రాంతంలో కలిగిన సిరియన్ క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. డాక్టరు చదువుకి వేలూరు వచ్చారు. స్త్రీల వైద్యంలో పైకి రావాలని కోరిక. 1954 జనవరిలో తోటి డాక్టర్లతో కలిసి సరదాగా బయల్దేరిన వాహనం బోల్తా కొట్టింది. ముఖం మీద పెద్ద గాయమైంది. వెన్నెముక దెబ్బతింది. నడుము కింద భాగం చచ్చుబడిపోయింది. అప్పటికామెకి ముప్పై కూడా నిండలేదు.

ఆరోజుల్లో మన దేశంలో వెన్ను విరిగినవాళ్ల గతి ఏమిటో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. తానే డాక్టరు. మంచం పుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షను, కొన్నాళ్లకి చావు. బతికినా ఇంట్లో ఒక మూల. చక్రాల కుర్చీలో కూర్చుని ఉద్యోగానికి వెళ్లిన మనిషిని చూసినవాళ్లు లేరు. ర్యాంపులు లేవు, అలాంటి బాత్‌రూంలు లేవు, చచ్చుబడ్డ ఒంటిని ఎలా కాపాడుకోవాలో నేర్పే విభాగం దేశంలో లేదు.

అప్పుడే అదే ఆస్పత్రిలోని సర్జన్ డాక్టర్ పాల్ బ్రాండ్ ఆమె ముందు ఒక ఆలోచన పెట్టారు. కుష్ఠు రోగుల వంకర వేళ్లని సరిచేసే ఆపరేషన్లు సర్జన్ ఎలాగూ కూర్చునే చేస్తాడు. దానికి కాళ్లతో పనేముంది? చేతులుంటే చాలు. మొదట్లో ఆ మాట ఆమెకి నమ్మశక్యం కాలేదు. కానీ కుర్చీలో కూర్చుని ఆపరేషన్ థియేటర్లోకి వెళ్లారు. పని నేర్చుకున్నారు. వెన్ను నొప్పి, కండరాలు పట్టేయడం, గంటల తరబడి కూర్చుంటే వచ్చే ఇబ్బంది, ఇవన్నీ అలాగే ఉన్నాయి. పని మాత్రం ఆగలేదు.

ఇక్కడే ఒక తమాషా జరిగింది. కుష్ఠు రోగులంటే ఊళ్లు వెలేసిన మనుషులు. డాక్టర్లంటే వాళ్లకి పైనుంచి జాలిపడే తెల్లకోట్లు. ఈ డాక్టరమ్మ మాత్రం చక్రాల కుర్చీలో వచ్చింది, ముఖాన మచ్చతో. తమకంటే ఎక్కువ పోగొట్టుకున్న మనిషి తమ చెయ్యి పట్టుకుని వేళ్లు లెక్కపెడుతోంది! ఆమె కుర్చీ వార్డులోకి రాగానే రోగుల మొహాలు మారిపోయేవని బ్రాండ్ తర్వాత చెప్పుకొచ్చారు. ఏ సర్జరీ చెయ్యలేని పని ఆ కుర్చీ చేసిందన్నమాట. తన దెబ్బ కూడా వైద్యంలో భాగమైపోయిందని మేరీకి అక్కడే తెలిసుండాలి.

ఆ తర్వాత ఆమె ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో తన ఒంటికి తగ్గ శిక్షణ తీసుకున్నారు. న్యూయార్క్ వెళ్లి డాక్టర్ హోవర్డ్ రస్క్ సంస్థలో పునరావాస వైద్యం చదివారు. తిరిగొచ్చి 1963లో సీఎంసీలో ఆ విభాగానికి బాధ్యత తీసుకున్నారు. 1966లో బాగాయంలో రోగుల్ని ఉంచుకుని నేర్పే కేంద్రం మొదలైంది. దేశంలో అలాంటిదదే మొదటిది. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. 1986లో చనిపోయారు. అంటే ప్రమాదం తర్వాత ముప్పై రెండేళ్లు బతికారు. ఆ ముప్పై రెండేళ్లూ కాళ్లు రాలేదు. వస్తాయని ఎవరూ ఆమెకి అబద్ధం చెప్పనూలేదు.

నొప్పి లేని వేళ్లు

బ్రాండ్ కథ వేరే. ఆయన కథ మొదలయ్యేది నొప్పి లేకపోవడం దగ్గర.

1914లో పుట్టిన ఆయన చిన్నతనమంతా నామక్కల్ దగ్గర కొల్లిమలై కొండల్లో గడిచింది. తల్లిదండ్రులు మిషనరీలు. చదువుకోసం ఇంగ్లండులో ఉన్నప్పుడు, 1929లో, తండ్రి జెస్సీ కొండ మీద మలేరియాతో వచ్చే నల్లనీళ్ల జ్వరంతో పోయారని తంతి వచ్చింది. పాల్‌కి అప్పుడు పదిహేనేళ్లు కూడా లేవు. తంతి వేగంగా వస్తుంది, ఉత్తరం ఓడలో వస్తుంది. కాబట్టి తండ్రి పోయాక కూడా వారాల తరబడి తండ్రి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. కొండలు, చెట్లు, పిట్టల సంగతులు సంతోషంగా రాసిన ఉత్తరాలు. చనిపోయిన మనిషి దస్తూరీలో ఆనందం చదువుకోవడం ఆ కుర్రాడికి ఎలా ఉండుంటుందో!

1946లో పాల్ సర్జన్‌గా వేలూరు వచ్చారు. మరుసటి ఏడు చెంగల్పట్టు కుష్ఠు ఆస్పత్రికి వెళ్లి డాక్టర్ కాక్రేన్‌తో పాటు రోగుల్ని చూశారు. వంకర వేళ్ల రోగి ఒకడు కరచాలనం చేస్తే చెయ్యి నలిగిపోయేంత బలం! చేతి బలమంతా పోలేదు, స్పర్శ మాత్రం పోయింది. దాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి వెదికితే తేలిందేమిటంటే, కుష్ఠు వేళ్లని తినెయ్యదు. నొప్పి తెలియకపోవడం వల్ల వేళ్లు పోతాయి. తుప్పు పట్టిన తాళం ఎంతకీ తిరక్కపోతే ఒక పిల్లాడు వచ్చి గట్టిగా తిప్పేశాడు. చూస్తే వేలు ఎముకదాకా తెగుంది, వాడికి తెలియనే లేదు. కొందరికి రాత్రి పడుకున్నప్పుడు ఉన్న వేలు పొద్దున్నే ఉండేది కాదు. కాపలా కాసి చూస్తే ఎలుకలు. నిద్రలో కొరుకుతుంటే మెలకువ రాదు, ఎందుకంటే నొప్పి లేదు. అప్పట్నుంచి ఇళ్లకి వెళ్లే రోగులకి పిల్లుల్ని ఇచ్చి పంపడం మొదలుపెట్టారు. మందుల చీటీతో పాటు ఒక పిల్లి. ఇంత పెద్ద పరిశోధన తేల్చిన సంగతికి మందు అదీ!

ఇంకో సంగతి. మొదట్లో చేతులు బాగుచేయించుకుని వెళ్లిన యువకుడు కొన్నాళ్లకి తిరిగొచ్చాడు. ఈ చేతులతో బతకలేకపోతున్నానన్నాడు. వేళ్లు తిన్నగా ఉంటే ముష్టి పడదు, కుష్ఠు మచ్చలున్నాయి కాబట్టి పని ఇవ్వరు. చెయ్యి బాగుచేసి మనిషిని వదిలేస్తే ఏం లాభమని ఆస్పత్రి వైద్య కళాశాల ఆవరణలోనే నవజీవ నిలయం పెట్టారు. వడ్రంగం వంటి పనులు నేర్పారు. 1955లో కరిగిరిలో కుష్ఠు పరిశోధన ఆస్పత్రి వచ్చింది. 1981లో బహుళ ఔషధ చికిత్సని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేశాక జబ్బు తీరే మారిపోయింది. 2005 చివరికి దేశం మొత్తం మీద పది వేల మందికి ఒకరికంటే తక్కువకి దిగింది. కొత్త కేసులు ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నాయనుకోండి.

బ్రాండ్‌కే ఒక రాత్రి ఎదురైన సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. 1950ల మొదట్లో అమెరికా పర్యటన ముగించి, ఓడ దిగి, రైల్లో లండన్ చేరారు. గదిలో మేజోళ్లు విప్పుతుంటే మడమ దగ్గర స్పర్శ లేదు. సూది తీసి గుచ్చుకున్నారు. నొప్పి లేదు. ఇంకా లోతుగా గుచ్చారు. రక్తం వచ్చింది, నొప్పి రాలేదు. ఇన్నేళ్లు రోగుల మధ్య ఉన్నందుకు తనకీ అంటుకుందనుకున్నారు. భార్యాపిల్లలకి దూరంగా ఉండాలి, సర్జరీ మానెయ్యాలి. రాత్రంతా నిద్ర లేదు. తెల్లారాక మళ్లీ సూది గుచ్చుకున్నారు. ఈసారి 'అమ్మా' అని అరిచేంత నొప్పి! రైల్లో ఒకేలా కూర్చోవడం వల్ల నరం నొక్కుకుపోయిందంతే. ఆ నొప్పికి ఆయన దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నారు. నొప్పి ఎవరూ కోరుకోని కానుక అనే అర్థం వచ్చే పేరుతో 1993లో ఫిలిప్ యాన్సీతో కలిసి పుస్తకం రాశారు. 2003లో కన్నుమూశారు.

అద్దం లేని ఇల్లు

బ్రాండ్ తల్లి ఎవెలిన్ గురించి కొల్లిమలైలో చెప్పుకునేవి ఒక పుస్తకమంత ఉన్నాయి. భర్త పోయాక పని మానలేదు. డెబ్బై ఏళ్లకి దగ్గరపడితే మిషన్ వాళ్లు రిటైరైపోమన్నారు. సరేనని రిటైరై, సొంతంగా మళ్లీ కొండెక్కారు. గుర్రం మీద ఊరూరా తిరిగారు. పడ్డారు, ఎముకలు విరిగాయి, మళ్లీ లేచారు. చివరికి రెండు వెదురు కర్రలు పట్టుకుని నడిచారు. కొడుకు అంతటి సర్జన్, ఇక చాలమ్మా అని బతిమాలినా వినలేదు. ఇంట్లో ఇరవై ఏళ్లపాటు అద్దం పెట్టుకోలేదు. 1974లో 95వ ఏట పోయారు. మన ఇళ్లలో ఇలాంటి అవ్వలు ఉండకపోరు. మతం ఏదైనా, మొండితనం ఒకటే.

పాపమెవరిదని అడిగినప్పుడు

ఇక ఆ మేనత్త మాట దగ్గరికి వద్దాం. మంచి మనసుతోనే అంది. కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మంచం పక్కన నిలబడి చెప్పే మాటల్లో ఇంతకంటే బరువైనది లేదు. విరిగిన వెన్నుకి తోడు నేరం కూడా మోయమన్నట్టు.

బైబిలు తెలిసినవాళ్లకి యోహాను సువార్త 9వ అధ్యాయం గుర్తుండే ఉంటుంది. పుట్టుగుడ్డిని చూపించి, పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడుగుతారు. ఇద్దరూ కాదంటాడు యేసు. వెనక్కి తవ్వనివ్వడు, ఇకముందు జరగాల్సిన దేవుని పని వైపు చూపు తిప్పుతాడు. పౌలు సంగతీ అంతే. తన ఒంట్లోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నానని కొరింథీయులకి రాశాడు. ముల్లు తీయలేదు. దాంతోనే బతకడానికి సరిపడా కృప మాత్రం దొరికింది. సంతోషించమని మళ్లీ మళ్లీ చెప్పిన ఫిలిప్పీ పత్రిక రాసింది కూడా ఖైదులో నుంచే. అదే ఫిలిప్పీలో అంతకుముందు దెబ్బలు తిని, కాళ్లకి బొండ వేసి ఉండగా, పౌలు, సీలలు అర్ధరాత్రి పాటలు పాడారు. వాళ్ల విశ్వాసం తక్కువై దెబ్బలు తిన్నారని ఎవరైనా అంటారా?

ఇక్కడ జాగ్రత్తగా ఉండాల్సింది ఇంకొకటుంది. బాధే మంచిదని, అనుభవించాల్సిందేనని చెప్పేవాళ్లూ ఉన్నారు. వేలూరు మనుషులు అలా అనుకోలేదు. అనుకునుంటే ఆస్పత్రి కట్టేవాళ్లు కాదు. ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పు కష్టంతో చనిపోవడం చూసిన ఐడా స్కడర్, అది దేవుడి చిత్తమని ఊరుకోలేదు. డాక్టరై తిరిగొచ్చి 1902లో నలభై పడకలతో ఆస్పత్రి తెరిచారు. నొప్పిని కానుకన్న బ్రాండే రోగుల నొప్పి తగ్గించడానికి జీవితమంతా కత్తి పట్టారు. తగ్గించగలిగినంత తగ్గించడం, తగ్గనిదాన్ని మోస్తూనే పక్కవాడి చెయ్యి పట్టుకోవడం. వాళ్ల సంతోషం ఎక్కడిదని వెదికితే నాకు దొరికింది ఇంతే. కాళ్లు వస్తేనే ఆనందం అనుకునుంటే మేరీ వర్గీస్‌కి ముప్పై రెండేళ్లూ ఎదురుచూపులతోనే సరిపోయేవి.

అలాగని ఆమె ఏనాడూ ఏడవలేదని చెబితే అది ఆమెకి అన్యాయం చేయడమే. చర్చిల్లో సాక్ష్యాలు చెప్పేటప్పుడు మనవాళ్లు తరచూ ఏడుపు భాగం ఎగరగొట్టి సంతోషం దగ్గరికి దూకుతారు. వినేవాళ్లలో ఇంకా ఏడుపు భాగంలోనే ఉన్నవాళ్లకి అది శిక్ష. ఈ విషయంలో కీర్తనల గ్రంథమే నయం, మొరలూ ఫిర్యాదులూ దాచుకోదు.

మన తెలుగు కీర్తనలూ అంతే. తెలుగు క్రైస్తవుల మొదటితరం కవుల్లో పెద్దపేరు పురుషోత్తమ చౌదరిది (1803–1890). పర్లాకిమిడి వైపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. ఒడిశా సరిహద్దులో పుట్టిన ఆయన పాటలు ఇక్కడ తమిళనాడు సరిహద్దులోని తెలుగు ఆరాధనల్లోనూ వినపడతాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం అట్ట ఊడిపోయి, దారంతో కుట్టినది ఒకటి ఆ లాడ్జీ ఆవిడ సంచీలో కూడా ఉంది. సాయంత్రాలు వరండాలో సన్నగా పాడుకునేది. పక్కగది బెంగాలీ కుటుంబం తలుపు తీసి వినేది. వాళ్లకి భాష తెలియదు. రెండోరోజు నుంచి వాళ్లమ్మాయి వచ్చి పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది.

మేళా రోజు

బాగాయంలోని ఆ కేంద్రానికి ఇప్పుడు మేరీ వర్గీస్ పేరే పెట్టారు. అక్కడ ఏటా రీహాబ్ మేళా జరుగుతుంది. వెన్ను దెబ్బతిని అక్కడ శిక్షణ పొంది వెళ్లినవాళ్లు మళ్లీ వస్తారు. ఒళ్లు పరీక్ష చేయించుకుంటారు, కుర్చీల మీదే ఆటలాడతారు, పాటలు పాడతారు. చెట్టు మీద నుంచి పడ్డవాళ్లు, లారీ గుద్దినవాళ్లు, బావిలో పడ్డవాళ్లు. అన్ని మతాలవాళ్లూ వస్తారు. ఎవరు ఎన్నేళ్ల నుంచి కుర్చీలో ఉన్నారో చెప్పుకోవడంలో కాస్త గర్వం కూడా కనపడుతుంది. కొత్తగా చేరినవాళ్లు పక్కన నిలబెట్టిన మంచాల మీద నుంచి వాళ్లని చూస్తారు. డాక్టర్లు చెప్పలేనిది ఆ చూపుల్లో అందుతుంది.

మేస్త్రీగారిని కలవడానికి నేనూ ఆవిడ వెంట ఒకరోజు బాగాయం బస్సెక్కాను. అన్నం క్యారియరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వచ్చేవారం ఇంటికి పంపేస్తారట. గుమ్మం దగ్గర రెండు మెట్లున్నాయి, వాటిని పగలగొట్టి కుర్చీ ఎక్కేలా ఏటవాలుగా కట్టించాలి. మనిషిని ఎక్కణ్నుంచి తేవాలా అని ఆలోచిస్తోంది.

మేం వెళ్లేసరికి మేస్త్రీ కుర్చీలో కూర్చుని, తెల్లకాగితం మీద ఆ వాలుకి కొలతలు గీస్తున్నాడు. "ఒక అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవుండాలంట, ఇక్కడ సార్లు చెప్పినారు. మన వాకిలి చాలదు, తిప్పి కట్టాల" అన్నాడు. భార్య వైపు చూసి, "కూలోణ్ని పిలువు చాలు. మేస్త్రీని పిలవాకు, నేను కూర్చుని చెప్తా" అన్నాడు.

ఆవిడ క్యారియరు మూత తీసి, చారు ఒలికిందేమో చూసుకుంది.